విషంలో ఎవరి పాలెంత?

తెలుగులో 'పాలు' అంటే క్షీరమే కాదు, వాటా కూడా. పదో తరగతి పిల్లలకు నానార్థాలు చెప్పేటప్పుడు ఈ మాటను ఎన్నోసార్లు నల్లబల్ల మీద రాశాను. ఈ రెండర్థాలూ ఒక్కచోట కలిసిన చరిత్ర ఒకటి ఉందని మాత్రం ఆలస్యంగా తెలుసుకున్నాను.

1980లలో కెనడా వైద్యుడు ఎరిక్ డివాయీ క్యూబెక్ దక్షిణ ప్రాంతపు తల్లుల పాలలో పీసీబీలనే రసాయనాలు ఎంత ఉన్నాయో పరీక్షిస్తున్నాడు. పోల్చి చూడడానికి కల్మషం లేని పాలు కావాలి. ఫ్యాక్టరీలకు దూరంగా, ఉత్తరాన నునావిక్‌లో ఉండే ఇన్యుయిట్ తల్లుల పాలు తెప్పించాడు. వాటిలో పీసీబీలు దక్షిణాది తల్లుల పాలలో కంటె సుమారు 5 రెట్లు ఎక్కువగా కనిపించాయి!

అక్కడికెలా చేరాయి? 1929 నుంచి అమెరికాలో పీసీబీలను వ్యాపార సరుకుగా తయారుచేశారు. ట్రాన్స్‌ఫార్మర్లలో నింపారు. వేడికి చెదరవు, తొందరగా శిథిలం కావు. ఏ గుణం చూపి అమ్ముకున్నారో ఆ గుణమే శాపమైంది. ఇవి వెచ్చని నేలల్లో ఆవిరై, గాలితో సాగి, చలి తగిలినచోట దిగుతాయి. ఎండ కాస్తే మళ్లీ లేస్తాయి. మిడతలా గెంతుతూ ధ్రువప్రాంతం చేరతాయి. సముద్ర ప్రవాహాలూ వీటిని మోస్తాయి. నీటిలో సరిగా కరగవు గాని కొవ్వులో కరుగుతాయి. అందుకే నాచు నుంచి చేపకు, చేప నుంచి సీలుకు, సీలు నుంచి మనిషికి మెట్టు మెట్టుకూ చిక్కబడతాయి. ఆ నిచ్చెన చివరి మెట్టు మీద ఉన్నది చంటిబిడ్డ.

డీడీటీదీ ఇదే దారి. దాని కీటకసంహార శక్తిని 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ కనుగొన్నాడు. 1948లో నోబెల్ బహుమతి పొందాడు. నా చిన్నతనంలో మలేరియా వాళ్లు మా ఇంటి గోడలకు కొట్టిన మందు తెల్లచారలు నాకింకా జ్ఞాపకం. అది ప్రాణాలు కాపాడిన మాట నిజం. కాదంటే చరిత్రకు అన్యాయం చేసినట్టే. కాని గోడకు కొట్టి దోమను చంపడం వేరు, అమ్మకాలు పెంచుకోవడానికి పొలాల మీద కుమ్మరించడం వేరు. 1962లో రేచెల్ కార్సన్ ఈ ప్రమాదం చెప్తే రసాయన పరిశ్రమ ఆమెపై విరుచుకుపడింది. డీడీటీని అమెరికా 1972లో నిషేధించింది. మన దేశంలో వ్యవసాయానికి వాడడం 1989లో నిషిద్ధమైంది.

1999లో నైరోబీ చర్చల్లో ఇన్యుయిట్ నాయకురాలు షీలా వాట్-క్లూటియే తల్లీబిడ్డల శిల్పాన్ని బహూకరించింది. 2001లో 12 రసాయనాలపై స్టాక్‌హోం ఒప్పందం కుదిరి, 2004లో అమల్లోకి వచ్చింది. కాసర్‌గోడ్ జీడితోటల పక్కన బతికినవాళ్లను కుంగదీసిన ఎండోసల్ఫాన్ 2011లో ఆ జాబితాకెక్కింది.

కాలుష్యానికి సరిహద్దులు లేవు గనుక దోషం మానవజాతి అందరిదీ అనే వ్యాసాలు చాలా చదివాను. ఆ వాదంతో నాకు పేచీ ఉంది. గాలికి సరిహద్దులు లేకపోవచ్చు. లాభానికి మాత్రం చిరునామా ఉంది. ఆ లాభంలో పాలు లేనివాళ్లకే విషంలో పెద్దపాలు దక్కింది.

ఇంత తెలిసీ, బిడ్డకు పాలివ్వడం మానమని ఆ తల్లులకు వైద్యులు చెప్పలేకపోయారు. అంతకంటె మేలైన ఆహారం ఆ బిడ్డకు మరొకటి లేదు. ఈసారి నానార్థాల పాఠం వచ్చినప్పుడు పిల్లలకు ఈ సంగతి కూడా చెప్తాను.