చెవి సర్పి: రామ్‌సే హంట్ సిండ్రోమ్

చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోయాక కూడా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల ముడుల్లో దాక్కుంటుంది. ఏళ్లు గడిచాక ముఖాన్ని కదిలించే నరంలో అది మళ్లీ మేలుకుంటే వచ్చే జబ్బు చెవి సర్పి. వైద్యులు దీన్ని హెర్పిస్ జోస్టర్ ఓటికస్ అంటారు. దానితోపాటు ముఖం ఒక పక్క పడిపోతే రామ్‌సే హంట్ సిండ్రోమ్ అంటారు. చెవి లోపల భరించలేని పోటు, చెవి డొప్ప మీదో రంధ్రంలోనో నీటి పొక్కులు, అదే పక్క మూతి వంకర పోవడం దీని మూడు ప్రధాన లక్షణాలు. దెబ్బ తగలకుండా వచ్చే ముఖ పక్షవాతాల్లో, కారణం స్పష్టంగా తేలని బెల్స్ పాల్సీ తర్వాతి స్థానం దీనిదే. ఏడాదికి లక్ష మందిలో అయిదుగురికి వస్తుందని అమెరికా లెక్కలు చెబుతాయి. బెల్స్ పాల్సీ లక్షకు 20 నుంచి 30 మందికి వస్తుంది.

అరుదైన జబ్బే. అయినా దీని గురించి తెలిసి ఉండడం అవసరం. మందు మొదటి మూడు రోజుల్లో పడటానికీ, వారం దాటాక పడటానికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. ఆ మూడు రోజులూ తరచూ ‘చల్లగాలి తగిలింది, అదే సర్దుకుంటుంది’ అన్న మాటతోనే గడిచిపోతాయి.

పేరు, చరిత్ర

ఒంటి మీద ఒక పక్కనే పట్టీలా సాగే పొక్కుల జబ్బును తెలుగువాళ్లు సర్పి అంటారు, కొందరు నాగసర్పి అంటారు. పాకుతున్న పాములా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. పాము తలా తోకా కలిస్తే మనిషి బతకడన్న భయం కూడా ఆ పేరుతోనే వచ్చింది. అందులో నిజం లేదు. పొక్కులు ఒక నరం పరిధిలోనే వస్తాయి, సాధారణంగా నడిమి గీత దాటవు.

చెవి పొక్కులకూ ముఖ పక్షవాతానికీ ఉన్న సంబంధాన్ని 1907లో వివరంగా రాసినవాడు అమెరికా నరాల వైద్యుడు జేమ్స్ రామ్‌సే హంట్ (1872–1937). ముఖనాడి మీద ఉండే జెనిక్యులేట్ గాంగ్లియాన్ అనే నరాల ముడి వాచడమే దీనికి మూలమని ఆయన చెప్పాడు. ఆయన పేరుతో వేరే నరాల జబ్బులు కూడా ఉన్నాయి, అందువల్ల పుస్తకాల్లో దీన్ని కొన్నిసార్లు రెండో రకం అని రాస్తారు. ఆటలమ్మ, సర్పి ఒకే వైరస్ పనేనని 1950లలో థామస్ వెల్లర్ ప్రయోగశాలలో చూపించాడు. లోపల నిద్రపోయిన వైరస్సే మళ్లీ లేస్తుందన్న వాదనకు రోగుల రికార్డుల ఆధారంతో 1965లో బలం చేకూర్చినవాడు ఎడ్గర్ హోప్-సింప్సన్. ఆయన ఇంగ్లండ్‌లోని ఒక చిన్న పట్టణంలో కుటుంబ వైద్యుడు. తన దగ్గరికి వచ్చే రోగులను ఏళ్ల తరబడి ఓపిగ్గా గమనించి రాసుకున్న వివరాలే ఆయన ఆధారం. 2022 జూన్‌లో గాయకుడు జస్టిన్ బీబర్ తన ముఖంలో ఒక పక్క కదలడం లేదని వీడియోలో చూపించాక ఈ జబ్బు పేరు ప్రపంచమంతా వినిపించింది.

ముఖనాడి దారి

మెదడు కాండం నుంచి బయలుదేరే ఏడో కపాల నాడే ముఖనాడి. కనుబొమ ఎత్తడం, కన్ను మూయడం, నవ్వడం, ఊదడం దీని పనులు. నాలుక ముందరి మూడింట రెండు వంతుల రుచి, కన్నీరు, కొంత లాలాజలం కూడా దీని చేతిలోనే ఉన్నాయి. చెవిలోని అతి చిన్న కండరం స్టెపీడియస్‌ను బిగించి పెద్ద చప్పుళ్లను తగ్గించేది కూడా ఇదే.

ఇన్ని పనులున్న ఈ నరం చెవి వెనక ఎముకలో ఒక సన్నటి సొరంగం గుండా పోతుంది. సొరంగం పొడవు దాదాపు 3 సెంటీమీటర్లు. 16వ శతాబ్దంలో దాన్ని వర్ణించిన ఇటలీ శరీర శాస్త్రవేత్త ఫాలోపియస్ పేరే దానికి పెట్టారు. లోపలి చెవి దగ్గర అది మరీ ఇరుకు, అక్కడ వ్యాసం 0.7 మిల్లీమీటరు మాత్రమే, సన్నబియ్యపు గింజ మందం కూడా ఉండదు. ఆ ఇరుకు దాటగానే నరం మోకాలులా వంగుతుంది. జెనిక్యులేట్ గాంగ్లియాన్ ఉండేది ఆ వంపులోనే. వైరస్ లేచి నరం వాస్తే చుట్టూ ఉన్న ఎముక జరగదు. నరం తన వాపులో తానే నలిగిపోతుంది. ఎనిమిదో నాడి, అంటే వినికిడి, నిలకడ చూసే నరం పక్కనే ఉంటుంది. అందుకే చాలామందిలో వినికిడి తగ్గుతుంది, చెవిలో హోరు పుడుతుంది, గది గిర్రున తిరుగుతున్నట్టుంటుంది, వాంతులవుతాయి. మామూలు బెల్స్ పాల్సీలో ఇవి సాధారణంగా ఉండవు.

లక్షణాలు

చాలామందికి ముందు చెవి పోటుతో మొదలవుతుంది. చెవిలో చీము పట్టిందనో, జ్ఞానదంతం నొప్పనో అనుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో పొక్కులు వస్తాయి, ముఖం పడిపోతుంది. ఏది ముందు ఏది తర్వాత అన్న నియమం లేదు. ముఖం పడిపోయిన కొన్ని రోజులకు పొక్కులు లేచేవాళ్లున్నారు. పొక్కులు అసలే రానివాళ్లూ ఉన్నారు, వాళ్లకు బెల్స్ పాల్సీ అనే పేరే పడుతుంది.

తెల్లారి పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు ఒక మూల నుంచి కారిపోతాయి. ఎక్కువమంది మొదట గమనించేది అదే. అన్నం తింటే మెతుకులు బుగ్గకూ చిగురుకూ మధ్య చిక్కుకుంటాయి, వేలితో తీసుకోవాలి. పెదవులు కలిపి పలికే ‘ప, బ, మ’లు జారిపోతాయి, ‘బాబాయి’ అని పిలవబోతే గాలి తప్పించుకుంటుంది. కన్ను మూయమంటే రెప్ప సగంలో ఆగుతుంది, గుడ్డు మాత్రం పైకి తిరిగి తెల్లగా కనిపిస్తుంది. ఆవకాయ ముక్క నాలుక మీద ఆ పక్క పెడితే మంట తెలుస్తుంది కాని ఉప్పు, పులుపు తెలియవు. మంటను మోసేది అయిదో కపాల నాడి, రుచిని మోసేది ఏడోది. స్టీలు గిన్నెల చప్పుడు చెవిలో గుచ్చుకున్నట్టు ఉంటుంది.

మెదడు పక్షవాతమా, నరం జబ్బా

మూతి వంకర పోగానే ఇంట్లోవాళ్లు భయపడేది మెదడు పక్షవాతానికి. ఆ భయం సరైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. తేడా పట్టుకోవడానికి పాతకాలం నుంచీ వాడే ఉపాయం నుదురు. కనుబొమలు పైకెత్తమన్నప్పుడు నుదుటి గీతలు రెండు పక్కలా పడుతూ, మూతి మాత్రమే వంకరగా ఉంటే మెదడులో సమస్యని అనుమానించాలి. నుదురు కూడా ఒక పక్క నున్నగా ఉండిపోతే సాధారణంగా నరం సమస్య. అయితే ఇది డాక్టరు చేతిలో ఉండాల్సిన పరీక్ష. చేయి, కాలు బరువెక్కినా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా నుదురు చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

నరం సమస్యని తేలాక తప్పకుండా చేయాల్సిన పని చెవిలోకి చూడటం. పొక్కులు కొన్నిసార్లు చెవి డొప్ప గుంటలో ఆవగింజంత ఉంటాయి, జుట్టు కప్పేస్తుంది. కొన్నిసార్లు చెవి రంధ్రం లోపలే ఉండి ఆటోస్కోప్‌తో చూస్తే తప్ప కనిపించవు. అంగిట్లోనూ నాలుక మీదా కూడా రావచ్చు. ఇంట్లోవాళ్లే మంచి వెలుతురులో చెవి, నోరు చూసి, ఏదైనా కనిపిస్తే ఫోనులో ఫొటో తీసి డాక్టరుకు చూపిస్తే బోలెడు ఉపకారం. రెండు మూడు రోజులు వరుసగా చూడాలి.

ముఖనాడిని దెబ్బతీసే జబ్బులు ఇంకా ఉన్నాయి: ముదిరిన చెవి చీము, రోడ్డు ప్రమాదాల్లో చెవి ఎముక విరగడం, చెవి ముందరి లాలాజల గ్రంథిలో గడ్డలు, కుష్టు. రెండు పక్కలా ఒకేసారి పడిపోతే గిలాన్-బారే వంటి నరాల జబ్బులను వెతకాలి.

చికిత్స

వైరస్‌కు అసైక్లోవిర్ లేదా వాలాసైక్లోవిర్, వాపుకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్: ఈ రెండూ కలిపి ఇవ్వడం నేటి ఆనవాయితీ. అసైక్లోవిర్ పెద్దలకు సాధారణంగా 800 మిల్లీగ్రాములు, రోజుకు 5 సార్లు, 7 నుంచి 10 రోజులు. వాలాసైక్లోవిర్ అయితే రోజుకు 3 సార్లే. ఈ మందుల వెనక ఉన్న పరిశోధకుల్లో గెర్‌ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ వచ్చింది. జపాన్‌లో మురకామి బృందం 1997లో 80 మంది రోగుల రికార్డులు తిరగేసింది. 3 రోజుల్లోపు మందు మొదలైనవాళ్లలో 75 శాతం మంది ముఖం పూర్తిగా కోలుకుంది. వారం దాటినవాళ్లలో 30 శాతమే. ఇది పాత రికార్డుల మీద చేసిన లెక్క, రోగులను గుంపులుగా విడదీసి చేసిన పెద్ద పరీక్ష ఈ జబ్బులో లేదు. అయినా వైద్యులు ఆలస్యం చేయకూడదనడానికి ఈ తేడా చాలు.

మన రాష్ట్రాల్లో షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువ. స్టెరాయిడ్ వేస్తే షుగర్ పెరుగుతుంది కాబట్టి మందు మానేయకుండా షుగర్‌ను రోజూ చూసుకుంటూ డాక్టరు చేత ఇన్సులిన్ సర్దించుకోవాలి. కిడ్నీ జబ్బు ఉంటే అసైక్లోవిర్ మోతాదు తగ్గించాలి. ఈ రెండు మాటలూ డాక్టరు అడగకపోయినా రోగే చెప్పాలి.

కంటి సంగతి మందుల కన్నా తక్కువది కాదు. రెప్ప మూతపడకపోతే నల్లగుడ్డు ఎండి, పుండై, చూపే పోవచ్చు. పగలు గంట గంటకూ కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్ప పూర్తిగా మూసి ప్లాస్టరు, బయట కళ్లజోడు. కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, మసకగా కనిపించినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చెవిలో పసర్లు, వేడి నూనె పోయకూడదు. తడిసిన పొక్కుల్లో చీము పడుతుంది.

పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ ఎన్నడూ రానివాళ్లకు ఆటలమ్మ వస్తుంది, సర్పి రాదు. పొక్కులు పక్కు కట్టేదాకా పసిపిల్లలు, గర్భిణులు దూరంగా ఉండటం మంచిది.

కోలుకోవడం

బెల్స్ పాల్సీ మందు లేకుండానే 70 శాతం మందికి పూర్తిగా తగ్గుతుంది. రామ్‌సే హంట్‌లో ఆ భరోసా లేదు. ముఖం ఎంత పడిపోయిందో కొలవడానికి లాస్ ఏంజెలెస్ వైద్యులు హౌస్, బ్రాక్‌మన్ 1985లో ప్రచారంలోకి తెచ్చిన ఆరు మెట్ల కొలత వాడతారు. ఒకటి మామూలు ముఖం, ఆరు ఏమాత్రం కదలని ముఖం. మొదటే ఆరు దగ్గరున్నవాళ్లు పూర్తిగా కోలుకోవడం కష్టం.

నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. కాబట్టి నెలల లెక్క. ఆ పెరుగుదలలో తీగలు దారి తప్పుతాయి. పెదవికి పోవాల్సినది రెప్పకు పోతే నవ్వినప్పుడల్లా కన్ను మూసుకుంటుంది. లాలాజలానికి పోవాల్సినది కన్నీటి గ్రంథికి చేరితే ముద్ద నోట్లో పెట్టగానే కన్నీళ్లు కారతాయి, దుఃఖం లేకుండానే. పెళ్లి విందులో కళ్లు తుడుచుకుంటూ తినాల్సి రావడం ఎంత బాధో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. అద్దం ముందు నెమ్మదిగా, ఒక్కో కండరాన్నీ విడివిడిగా కదిపే అభ్యాసం, బొటాక్స్ ఇంజెక్షన్లు దీనికి కొంత ఉపశమనం ఇస్తాయి. మన ఊళ్లలో ‘ముఖానికి కరెంటు పెట్టించడం’ బాగా వాడుకలో ఉంది. అది మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. బబుల్‌గమ్ గట్టిగా నమలడం కూడా పనికిరాదు, నమిలే కండరాలు అయిదో నాడివి.

నివారణ

వైరస్‌ను కట్టడిలో పెట్టే రోగనిరోధక శక్తి వయసుతోపాటు తగ్గుతుంది. క్యాన్సర్ మందులు, అవయవ మార్పిడి మందులు, హెచ్‌ఐవీ కూడా దాన్ని తగ్గిస్తాయి. సర్పికి రెండు డోసుల టీకా షింగ్రిక్స్ 2023 నుంచి మన దేశంలో 50 ఏళ్లు దాటినవాళ్లకు దొరుకుతోంది. రెండు డోసుల మధ్య 2 నుంచి 6 నెలల వ్యవధి ఉండాలి. పరీక్షల్లో ఇది సర్పిని 90 శాతానికి పైగా అడ్డుకుంది. ధర వేల రూపాయల్లో ఉండటం వల్ల చాలా కుటుంబాలకు ఇది ఇంకా అందడం లేదు. ఒకసారి సర్పి వచ్చినవాళ్లు కూడా పొక్కులు పూర్తిగా మానాక దీన్ని వేయించుకోవచ్చు.