కృష్ణలో ట్యూబు వేట: మత్స్యకారుల ప్రాణరక్షణకు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

తెల్లవారుజామున కృష్ణా తీరంలో ఏ రేవుకు వెళ్లినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. భుజాన గాలి నింపిన లారీ ట్యూబు, దాని నడుమ నైలాన్‌ తాడుతో అల్లిన కూర్చునే చోటు, చేతిలో వల, నడుముకు చేపల సంచి. మత్స్యకారుడు ట్యూబును నీటిలో వదిలి, దానిపై కూర్చుని, చేతులనే తెడ్లుగా చేసుకుని లోపలికి సాగిపోతాడు. సాయంత్రం కట్టి వచ్చిన వలను తీసి, చిక్కిన చేపలను సంచిలో వేసుకుని ఎండ ముదిరేలోగా ఒడ్డుకు చేరాలి. చేరకపోతే ఆ ఇంటి కంటిచూపంతా నీటి మీదే ఉంటుంది.

తంగిడి ప్రాంతంలో తెలంగాణలోకి ప్రవేశించే కృష్ణానది జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్‌ జలాశయాలను దాటి పులిచింతల వరకు ఉమ్మడి మహబూబ్‌నగర్‌, నల్గొండ జిల్లాల అంచునే ఒరుసుకుంటూ ప్రవహిస్తుంది. 2016, 2019 సంవత్సరాల పునర్విభజనల తరువాత నారాయణపేట, జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌, నల్గొండ, సూర్యాపేట జిల్లాలు ఈ తీరాన్ని పంచుకున్నాయి. నిండుగా ఉన్నప్పుడు శ్రీశైలం జలాశయం సుమారు 615, సాగర్‌ సుమారు 285 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి. ఈ నీటినే నమ్ముకుని బెస్త, గంగపుత్ర, ముదిరాజ్‌ కుటుంబాలు జీవిస్తున్నాయి. విశాఖ తీరం నుంచి వలస వచ్చి స్థిరపడిన మత్స్యకారులూ ఉన్నారు. నేరెడుగొమ్ము మండలంలో సాగర్‌ వెనుక జలాల ఒడ్డున ఉన్న వైజాగ్‌ కాలనీకి ఆ పేరు అలా వచ్చినదే.

పుట్టి నుంచి ట్యూబుకు

ఈ ప్రాంతపు అసలు వాహనం పుట్టి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పూర్వం తోలు, ఇప్పుడు తారు పూసిన ప్లాస్టిక్‌ పట్టా కప్పి తయారు చేస్తారు. పుట్టి అల్లడానికి పనితనం కావాలి, వెదురు కావాలి, ఏటా మరమ్మతుకు ఖర్చు కావాలి. ట్యూబుకు అవేవీ అక్కరలేదు. పాత ట్యూబు పంక్చర్‌ దుకాణంలో చవకగా దొరుకుతుంది, సైకిలుపై తీసుకుపోవచ్చు, రాత్రికి ఇంట్లోనే పెట్టుకోవచ్చు. పుట్టి కొనలేని యువకులు, కూలి పనులు లేని రోజుల్లో వేటకు దిగేవారు ట్యూబునే ఆశ్రయించడంలో ఆశ్చర్యం లేదు. కాగా, ట్యూబు లేని కొత్త రకం టైర్లు వచ్చాక మంచి లారీ ట్యూబులు దొరకడం తగ్గింది. దొరికినవి అతుకులపై అతుకులు పడినవి. ఆన్‌లైన్‌లో అమ్మే గాలి పడవలు కూడా ఇప్పుడు రేవుల్లోకి వస్తున్నాయి. వీటిలో చాలావరకు ఈత కొలనులో పిల్లల ఆటకు ఉద్దేశించినవే.

పుట్టికైనా ప్రమాదం లేదని కాదు. 2020 ఆగస్టులో మక్తల్‌ మండలం పంచదేవ్‌పహాడ్‌ సమీపంలో, వరద ఉద్ధృతిలో 13 మందితో నది దాటుతున్న పుట్టి బోల్తా పడి నలుగురు కొట్టుకుపోయారు. అంతకు ముందు 2007 జనవరిలో కొల్లాపూర్‌ ప్రాంతంలోని మంచాలకట్ట వద్ద శ్రీశైలం వెనుక జలాల్లో పడవ మునిగి దాదాపు 60 మంది మృత్యువాత పడ్డారు. ఆ రెండూ ప్రయాణికులను దాటించే సమయంలో జరిగిన దుర్ఘటనలు. అటువంటివి రాష్ట్రమంతటికీ తెలుస్తాయి, విచారణలు జరుగుతాయి. ఒంటరిగా ట్యూబుపై వెళ్లి తిరిగిరాని మత్స్యకారుని మరణం మాత్రం జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్తగానే ముగిసిపోతుంది.

ట్యూబు మునగదు, చేజారుతుంది

ట్యూబు విషయంలో తీరవాసులకు ఉన్న ధీమా ఒక్కటే, అది మునగదని. ఆ మాట నిజమే. అయితే ప్రమాదం మునగడంలో లేదు, మనిషి ట్యూబు నుంచి వేరుపడటంలో ఉంది. గాలి నింపిన ట్యూబు దాదాపుగా నీటిపైనే ఉంటుంది. మనిషి బరువు తొలగిన మరుక్షణం అది గాలికి ఎండుటాకులా కొట్టుకుపోతుంది. బట్టలతో నీటిలో పడిన మనిషి ఎంతటి ఈతగాడైనా గంటకు రెండు కిలోమీటర్ల వేగాన్ని మించి ఎక్కువసేపు ఈదడం కష్టం. ఓ మోస్తరు గాలికే ఖాళీ ట్యూబు అంత వేగాన్ని అందుకుంటుంది. దానిని వెంటాడుతూ శక్తినంతా ఖర్చు చేసుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఈత రానివారు లోతుకు వెళ్లరు. ఈత వచ్చినవారే ధైర్యం చేసి వెళతారు, అక్కడే చిక్కుకుంటారు.

నైరుతి రుతుపవనాల కాలంలో నల్లమల కొండల నడుమ వీచే పడమటి గాలి, వేసవి చివర ఒక్కసారిగా విరుచుకుపడే ఈదురుగాలి ఇందుకు అనువైన సమయాలు. ఉదయం అద్దంలా ఉన్న సాగర్‌ నీరు మధ్యాహ్నానికి అలలు ఎత్తడం సోమశిల, చందంపేట వైపు వారికి తెలియని సంగతి కాదు. ఆకాశంలో ఉరుము వినిపించగానే వల వదిలేసి అయినా ఒడ్డుకు రావడం మేలు. బహిరంగ జలాలపై అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది మనిషి తలే కనుక పిడుగు ముప్పు కూడా తక్కువేమీ కాదు.

బరువు లెక్క సైతం గమనించదగినది. ఒక లీటరు గాలి నీటిపై సుమారు ఒక కిలో బరువును మోస్తుంది. ఒక మాదిరి లారీ ట్యూబులో నూరు లీటర్ల గాలి పడుతుందనుకుంటే, దానిపై కూర్చున్న 65 కిలోల మనిషి, నీరు పట్టిన 15 కిలోల వల, 15 కిలోల చేపలు కలిసి 95 కిలోలు అవుతాయి. అంటే ట్యూబు శక్తి చివరి అంచుకు వచ్చినట్లే. ఇక కొద్దిగా గాలి తగ్గినా, మనిషి ఒక పక్కకు వంగి వల లాగినా తిరగబడుతుంది. వేట బాగా సాగిన రోజే ప్రమాదం ఎక్కువన్న మాట.

గాలి తగ్గడానికి కారణాలకు కొదవ లేదు. ఒడ్డున సర్కారు తుమ్మ ముళ్లు, వలలో చిక్కిన జెల్ల చేప రెక్కల ముళ్లు, నీటి అడుగున దాగిన మోడులు ఏవైనా ట్యూబును చీల్చగలవు. శ్రీశైలం జలాశయంలో మునిగిన గ్రామాల గోడలు, చెట్ల మోడులు నీరు తగ్గే వేసవిలో పైకి తేలతాయి. నల్లని రబ్బరు ఎండకు కాగి లోపలి గాలి వ్యాకోచించడంతో పాత అతుకులు విడిపోవడమూ కద్దు. ట్యూబులో ఉండేది ఒకే గది, అది పోతే అంతా పోయినట్లే. అందుకే గాలి పడవలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6185 ఒకటికి మించిన గాలి గదులను కోరుతుంది. పడవ కొనేవారు ఈ అంకె ఉందో లేదో, ఎంత బరువు మోస్తుందని రాశారో చూసుకోవాలి. ట్యూబుతోనే వెళ్లేవారు రెండు ట్యూబులను పక్కపక్కన కట్టి, పైన వెదురు తడిక బిగించుకుంటే ఒకటి పోయినా రెండోది నిలుపుతుంది, తిరగబడే అవకాశమూ తగ్గుతుంది.

వాన లేకున్నా పెరిగే నీరు

జూరాల దిగువన, సాగర్‌ దిగువన వేటాడేవారికి మరో గండం ఉంది. గేట్లు ఎత్తే ముందు సైరన్‌ మోగించడం, దిగువ గ్రామాలను హెచ్చరించడం పరిపాటి. అందరూ గేట్లనే చూస్తారు. కానీ గేట్లు మూసి ఉన్నప్పుడు కూడా విద్యుత్తు ఉత్పత్తి మొదలైతే వేల క్యూసెక్కుల నీరు నదిలోకి వస్తుంది. జూరాల వద్ద 234 మెగావాట్లు, దాని దిగువన మరో 240 మెగావాట్ల కేంద్రాలు ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం సామర్థ్యం 900 మెగావాట్లు. సాగర్‌ ప్రధాన కేంద్రంలో విద్యుత్తు తీసిన నీటిని తిరిగి పైకి తోడే యంత్రాలు కూడా ఉన్నాయి. విద్యుత్తు గిరాకీని బట్టి యంత్రాలు ఆడతాయి, ఆగుతాయి. మోకాలి లోతులో బండలపై నిలబడి వల విసిరిన చోటే కొద్దిసేపట్లో ఛాతీ లోతు ప్రవాహం రావచ్చు. ఆకాశం నిర్మలంగా ఉండటం ఇక్కడ ఏ భరోసా ఇవ్వదు.

ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కుల ప్రవాహమంటే సెకనుకు 2,800 టన్నులకు పైబడిన నీరు. ప్రవాహ వేగం రెట్టింపైతే అది మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరకు వరద వచ్చి అలంపూర్‌ ప్రాంతం నీట మునిగిన ఉదంతాన్ని తీరవాసులు మరువలేదు. వరదల్లో వేట మానేసేవారు కూడా వరద తగ్గుముఖం పట్టగానే పెద్ద చేపల ఆశతో గేట్ల దిగువకు చేరుతుంటారు. సుడులు అప్పటికీ చల్లారవు. ప్రాజెక్టు దిగువన వేటకు దిగే ముందు ఆనాటి నీటి విడుదల, విద్యుదుత్పత్తి వివరాలు ప్రాజెక్టు సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. నీటి అంచున రాతిపై ఒక గుర్తు పెట్టుకుని, అది మునిగితే వెంటనే బయటకు రావడం పాతకాలపు వారి పద్ధతి. ఇంతకన్నా చవకైన పరికరం లేదు.

వలే ఉరి కాకుండా

నీటిలో పడిన మనిషి కాళ్లకు వల చుట్టుకుంటే ఈత పనికిరాదు. సన్నని ప్లాస్టిక్‌ తీగ వల ఎంత తన్నుకుంటే అంత బిగుస్తుంది. వల కొసను నడుముకో, మణికట్టుకో కట్టుకోవడం అలవాటుగా ఉన్నవారు దానిని మానుకోవాలి. అంచున పదును గల చిన్న కత్తిని ఛాతీ వద్ద చేతికి అందేలా తాడుతో కట్టుకోవాలి. సంచిలో పెట్టిన కత్తి అవసరానికి దొరకదు.

ట్యూబు చేజారకుండా దానిని ఒంటికి కట్టుకోవచ్చా అన్నది తరచుగా వచ్చే సందేహం. నిలకడగా ఉన్న జలాశయపు నీటిలో, ఒక్క లాగుతో ఊడిపోయే ముడితో కట్టుకోవచ్చు. పారే నీటిలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. తాడు బండకో, మోడుకో తగులుకుంటే ప్రవాహమే మనిషిని నీటి అడుగుకు తొక్కేస్తుంది.

రెండు చోట్లా పనికివచ్చేది లైఫ్‌ జాకెట్‌. 50 న్యూటన్ల జాకెట్‌ అంటే సుమారు ఐదు కిలోల తేలింపు శక్తి అని అర్థం. ఇది ఈత వచ్చి, ఒడ్డుకు దగ్గరగా ఉండేవారికి సరిపోతుంది. లోతట్టు జలాశయంలో 100 న్యూటన్ల రకం మేలు. పట్టీలు బిగించకుండా భుజాన వేసుకుంటే అది నీటిలో తలపైకి జారిపోతుంది. ఉక్కపోతకు, వల లాగడానికి అడ్డమని జాకెట్‌ను ట్యూబుకు కట్టి ఉంచేవారూ ఉన్నారు. ట్యూబు పోతే దానితోపాటు జాకెట్‌ కూడా పోతుందన్నది వారు ఆలోచించాలి. మత్స్య సహకార సంఘాలు వలలతోపాటు జాకెట్లను కూడా సభ్యులకు సమకూర్చడం ఎంతో అవసరం.

ఒంటరిగా వెళ్లకపోవడం, వెళ్లే చోటు, తిరిగివచ్చే వేళ ఇంట్లో చెప్పడం, సెల్‌ఫోన్‌ను నీరు చొరని కవరులో పెట్టుకోవడం చిన్న విషయాలే. కల్లు తాగి నీటిలోకి దిగడం గురించి వేరుగా చెప్పనక్కరలేదు. మక్తల్‌, జూరాల ప్రాంతాల్లో మొసళ్లు ఉన్నాయి కనుక కాళ్లు నీటిలో వేలాడేసి కూర్చునే ట్యూబు వేట అక్కడ అసలే తగదు.

ఒడ్డున ఉన్నవారు చేయవలసినది

మునుగుతున్న వారి కోసం దూకినవారు కూడా మునిగిపోవడం తరచుగా జరిగేదే. మూత గట్టిగా బిగించిన ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాకు పొడవైన తాడు కట్టి రేవులో ఉంచితే అది ఐదు కిలోల తేలింపు శక్తినిస్తుంది. అందులో గ్లాసెడు నీరు పోస్తే విసరడానికి వీలుగా బరువొస్తుంది. తాడు లేకపోతే చీర, పంచె, వెదురు గడ ఏదైనా అందించాలి.

బయటకు తీసినవారిని తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని గిరగిర తిప్పడం, పొట్ట నొక్కడం పల్లెల్లో ఇంకా కనిపిస్తోంది. దీనివల్ల విలువైన నిమిషాలు పోవడమే కాక, కడుపులోని నీరు ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి ముందుగా నోటితో శ్వాస అందించాలి. తరువాత ఛాతీ మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. ప్రతి 30 నొక్కులకు రెండు శ్వాసల చొప్పున అంబులెన్సు వచ్చేవరకు ఆపకూడదు. కోలుకుని లేచి కూర్చున్నవారిని సైతం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీటి ప్రభావం కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు. అంబులెన్సుకు 108, పోలీసు సహాయానికి 112 నంబర్లకు ఫోన్‌ చేయాలి.

బీమాకు కావలసిన పత్రాలు

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమాను అమలు చేశారు. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం కలిగినా 5 లక్షల రూపాయలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు 25 వేల రూపాయల వరకు ఇందులో నిర్ణయించారు. ప్రీమియాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలే భరిస్తాయి. వయసు 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండాలి. పేరు నమోదైతేనే వర్తిస్తుంది కనుక ఏటా తమ పేరు జాబితాలో ఉందో లేదో సంఘం కార్యదర్శి వద్ద గానీ, జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో గానీ సరిచూసుకోవాలి.

దుఃఖంలో ఉన్న కుటుంబాలు పోలీసులకు ఫిర్యాదు చేయకుండా, శవపరీక్ష వద్దనుకుని అంత్యక్రియలు జరిపిస్తే పరిహారం చిక్కుల్లో పడుతుంది. ప్రాథమిక సమాచార నివేదిక, శవపరీక్ష నివేదిక, మరణ ధ్రువపత్రం, సంఘ సభ్యత్వ పత్రం, నామినీ బ్యాంకు ఖాతా వివరాలను సిద్ధం చేసుకుని మత్స్యశాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. సంఘంలో సభ్యత్వం లేకుండా వేటకు వెళ్లే యువకులు ముందుగా తమ గ్రామ సంఘాన్ని సంప్రదించి పేరు నమోదు చేయించుకోవలసి ఉంటుంది.