కొలకర్ర చెప్పే లీటర్లు

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వైపు పోయే జాతీయ రహదారి మీద ఆనందపురం కూడలి ఉన్నది. పూల మార్కెట్టుకు పేరుపొందిన ఊరు. నగరం నుంచి ఆ దిక్కుగా పెట్రోలు, డీజిలు తీసుకొనిపోయే ట్యాంకర్ లారీలు ఈ కూడలి మీదుగా సాగుతాయి. అటువంటి లారీ ఒక బంకులో ఆగినప్పుడు జరిగే పని గమనించదగినది. ఒకరు లారీ పైకెక్కి, మూత తీసి, గుర్తులు చెక్కిన లోహపు కడ్డీని నిలువుగా లోపలికి దించుతారు. పైకి తీసి, తడి ఎంతవరకు అంటినదో చూస్తారు. తరువాత బంకు ఆవరణలో భూమిలో పాతిన ట్యాంకులోకి మరొక కడ్డీని దించి, దాని మీది అంకెను ఒక పట్టికలో వెదకుతారు. బంకువారి మాటలో దీని పేరు ‘డిప్ చూడటం’. కడ్డీ చూపేది సెంటీమీటర్లు. డబ్బు చెల్లించవలసినది లీటర్లకు.

ట్యాంకు నిటారుగా నిలిచిన స్తూపమైతే చిక్కు లేదు. సగం లోతుకు సగం సరుకు, పావు లోతుకు పావు సరుకు. కాని భూమిలో పాతిన ట్యాంకు పడుకోబెట్టిన స్తూపం. దాని వ్యాసం 2 మీటర్లు, పట్టే సరుకు 20,000 లీటర్లు అనుకొందాం. అడుగు నుంచి 50 సెంటీమీటర్లు తడిస్తే, అనగా వ్యాసంలో నాలుగో వంతు తడిస్తే, ఉన్న సరుకు 5,000 లీటర్లు కాదు. సుమారు 3,910 లీటర్లు మాత్రమే. అడుగున వంపు ఇరుకుగా ఉండటమే దీనికి కారణం. పై భాగంలో ఇదే పొరపాటు మరింత ప్రమాదకరం. కడ్డీ 150 సెంటీమీటర్లు చూపినప్పుడు ఇంకా 5,000 లీటర్ల ఖాళీ ఉన్నదని నమ్మి అంత పెట్రోలు దించితే, వెయ్యి లీటర్లకు పైగా పొంగి నేలపాలవుతుంది. పక్కన ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ పట్టిక వెనుక ఉన్న గణితం ఇటువంటి చిక్కుల నుంచే పుట్టింది.

పూర్వం పాలూ నూనే అమ్మేవారికి ఈ బాధ లేదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. చిన్న కొలతతో పోసి లెక్కపెట్టుకోవటమే. ధాన్యాన్నయితే మూతి మీద పోగుపోసి కొలవవచ్చు, తల గొట్టి కొలవవచ్చు, ఆ తేడా మీద తగవూ పడవచ్చు. ద్రవం పోగుపడదు గనుక ఆ తగవు తప్పింది. కాని కోనేటిలో నీటిని సోలతో కొలవటం ఎవరి తరం? అక్కడ గణితం కావలసివచ్చింది.

సామాన్యంగా కోనేరు, గొయ్యి, గంగాళం అడుగున ఇరుకుగా, పైన వెడల్పుగా ఉంటాయి. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం’లో అటువంటి గుంటలకు చెప్పిన పద్ధతి చాలా సొంపైనది. ముందు రెండు ఉజ్జాయింపు విలువలు కట్టాలి. పై కొలతకూ అడుగు కొలతకూ సరాసరి తీసి, దాని వైశాల్యాన్ని లోతుతో గుణిస్తే ఒకటి వస్తుంది. ఇది అసలుకన్న తక్కువ. రెండు వైశాల్యాలకే సరాసరి తీసి లోతుతో గుణిస్తే మరొకటి. ఇది అసలుకన్న ఎక్కువ. ఈ రెంటి భేదంలో మూడో వంతును తక్కువదానికి కలిపితే సరియైన ఘనపరిమాణం వస్తుంది.

గుండ్రని పాత్రకు కూడా ఇది సరిపోతుంది. మూతి వ్యాసం 30 సెంటీమీటర్లు, అడుగు వ్యాసం 20, ఎత్తు 30 ఉన్న బకెట్‌ను తీసుకొంటే మొదటి విలువ 14.73 లీటర్లు, రెండవది 15.32. భేదంలో మూడో వంతు కలిపితే 14.92. నేటి పాఠ్యపుస్తకంలోని శంకుఖండ సూత్రం కూడా ఇదే ఇస్తుంది. తరగతిలో బకెట్, లీటరు కొలత ఉంటే విద్యార్థులు నీళ్లు పోసి సరిచూసుకోవచ్చు.

తొమ్మిదవ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’లో ఈ రెండు ఉజ్జాయింపులకు కర్మాంతికం, ఔండ్రం అని పేర్లు పెట్టి ఇదే మార్గం చూపాడు. అయితే గోళం దగ్గర ఆయన లెక్క కొంత తప్పింది. వ్యాసార్ధఘనాన్ని నాలుగున్నరతో గుణిస్తే స్థూలఫలమనీ, అందులో పదింట తొమ్మిది వంతులు సూక్ష్మఫలమనీ చెప్పాడు. ఆ సూక్ష్మఫలం అసలుకన్న నూటికి మూడు వంతులకు పైగా తక్కువ. 1150లో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో సరియైన సూత్రం ఇచ్చాడు. మహావీరుని గ్రంథాన్ని పదకొండవ శతాబ్దంలో, రాజరాజ నరేంద్రుని కాలంలో, పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడని ప్రసిద్ధి. తెలుగులో శాస్త్రం చెప్పవచ్చునా అని సందేహించేవారికి ఈ ఒక్క పేరు చాలు.

కడ్డీ కథ మాత్రం ఐరోపాలో మలుపు తిరిగింది. 1613లో, ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో నివసిస్తున్న జొహాన్నెస్ కెప్లర్ రెండవ వివాహం చేసుకొన్నాడు. గ్రహగతుల నియమాలు కనుగొన్న కెప్లరే ఈయన. ఇంటికి ద్రాక్షసారా పీపాలు తెప్పించాడు. అమ్మేవాడు పీపా నడుమనున్న రంధ్రం గుండా కొలకర్రను ఏటవాలుగా, మూత అంచు తగిలేదాకా దూర్చి, తడిసిన పొడవును చూసి ధర చెప్పాడు. పీపా పొట్టిదా, పొడుగుదా అని చూడనే లేదు. కెప్లర్‌కు ఇది నచ్చలేదు.

ఆయన అనుమానం న్యాయమైనదే. లెక్క సులభం కావటానికి పీపాను స్తూపమనుకొని, కర్ర పొడవు 1 మీటరు అనుకొందాం. పీపా పొడవు 1.15 మీటర్లయితే సుమారు 605 లీటర్లు పడతాయి. పీపా సన్నగా, 1.8 మీటర్ల పొడవుంటే అదే కర్రకు 269 లీటర్లే. సగం సరుకుకు పూర్తి ధర! కాని పొడవు 1 మీటరైనా, 1.3 మీటర్లైనా 589 లీటర్లకు తగ్గదు. గరిష్ఠ విలువకు సమీపంలో ఆకారం కొంత మారినా ఘనపరిమాణం దాదాపు మారదన్నమాట. ఆస్ట్రియా పీపాలు సరిగా ఆ గరిష్ఠానికి దగ్గరగా ఉన్నాయని కెప్లర్ కనుగొన్నాడు. ఆ కర్ర అక్కడి పీపాలకు పనికివస్తుంది, అన్నిటికీ కాదు. వంపు పాత్రలను లెక్కలేనన్ని పలుచని ముక్కలుగా కోసి కూడే పద్ధతితో 1615లో ఆయన ఒక గ్రంథమే ప్రకటించాడు. న్యూటన్, లైబ్నిట్జ్‌ల చేతిలో కలనగణితం రూపొందటానికి ఇంకా అర్ధశతాబ్దం ఉన్నది.

1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం పనిచేయసాగింది. 1978 నుంచి అది హిందుస్థాన్ పెట్రోలియం సంస్థలో భాగం. ఇటువంటి చోట్ల ట్యాంకులు నిటారు స్తూపాలే గాని, వాటి పరిమాణం మరొక చిక్కు తెస్తుంది. 40 మీటర్ల వ్యాసం గల ట్యాంకులో ఒక్క మిల్లీమీటరు ఎత్తు అంటే సుమారు 1,257 లీటర్లు! అందువల్ల పటం మీది వ్యాసాన్ని నమ్మరు. కట్టిన ట్యాంకు చుట్టూ వేర్వేరు ఎత్తులలో ఉక్కు టేపు బిగించి చుట్టుకొలత తీసి, రేకు మందాన్ని మినహాయించి పట్టిక తయారుచేస్తారు. లారీ ట్యాంకుకయితే, తూనికలు కొలతల శాఖవారి సమక్షంలో, తెలిసిన పరిమాణం గల ద్రవాన్ని పోసి కడ్డీకి గుర్తు పెడతారు. ఇది మళ్లీ సోలతో పోసి లెక్కపెట్టటమే.

పట్టిక ఎంత సరియైనదైనా వేడి దానిని ఏమారుస్తుంది. పన్నెండు వేల లీటర్ల డీజిలు పది సెంటీగ్రేడు డిగ్రీలు వేడెక్కితే సుమారు వంద లీటర్లు పెరుగుతుంది; చల్లారితే అంతా తగ్గుతుంది. ఒక్క చుక్క ఎవరూ పోయలేదు, తీయలేదు. అందుకే బంకులో డిప్ చూడటంతో పని ముగియదు. గాజు జాడీలో కొంత సరుకు పట్టి, హైడ్రోమీటరునూ ఉష్ణమాపకాన్నీ ముంచి, సాంద్రతను 15 డిగ్రీల వద్దకు మార్చి, లారీతో వచ్చిన చలానా మీది అంకెతో పోల్చి చూసిన తరువాతనే గొట్టం తగిలిస్తారు.