సొరబుర్ర నుంచి గాలిచొక్కా దాకా: నీటిపై తేలే సాధనాల చరిత్ర

నీరు తక్కువైన సీమలో నీటిగండం కూడా తక్కువేనని భావించడం పొరపాటు. రాయదుర్గం ప్రాంతాన్నే తీసుకుందాం. అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేదవతిని ఇక్కడివారు హగరి అంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుక మేటగానే కనిపిస్తుంది. పూర్వం ఈ మెట్ట నేలలో పిల్లలకు ఈత నేర్పిన బడి దిగుడుబావి. బోరుబావులు లోతుకు పోయిన కొద్దీ ఆ బావులు ఎండిపోయాయి, వాటితో పాటు ఈత విద్యా అంతరించింది. ప్రమాదం మాత్రం అంతరించలేదు. వాన కురిసిన ఏడు నీటికుంటలు, క్వారీ గుంతలు నిండుతాయి. కణేకల్లు వైపు తుంగభద్ర ఎగువ కాలువలో నీరు పారుతుంది. ఈత రాని తరం ఆ గట్టున నిలబడి ఉంటుంది.

మన దేశంలో ఏటా ముప్పై వేల మందికి పైగా నీట మునిగి మరణిస్తున్నారు. ఈ నేపథ్యంలో, మనిషిని నీటిపై నిలిపే సాధనాల చరిత్రను తెలుసుకోవడం కేవలం వినోదం కాదు. అది ఆరోగ్య విషయం.

తోలుతిత్తి, సొరబుర్ర, పుట్టి

క్రీస్తుపూర్వం తొమ్మిదో శతాబ్దంలో అస్సీరియా రాజు అషుర్‌నసిర్‌పాల్ తన నిమ్రూద్ కోటలో చెక్కించిన శిల్పఫలకాలు నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో కొందరు గాలి ఊదిన తోలుతిత్తులను పొట్ట కింద పెట్టుకొని నది దాటుతుంటారు. వీరిని తొలి ‘స్కూబా’ ఈతగాళ్లని చెప్పేవారున్నారు. అది నిజం కాజాలదు. ఇరవై లీటర్ల గాలి పట్టిన తిత్తి దాదాపు ఇరవై కిలోల బరువును పైకి నెడుతుంది. దానితో మునగడం అసాధ్యం. అది తేలడానికే పనికి వచ్చే సాధనం.

మన పల్లెల్లో ఆ పని ఎండిన సొరబుర్ర చేసింది. నడుముకు రెండు బుర్రలో, బెండు కట్టో బిగించి, మోకు చివర పెద్దవారు పట్టుకొని పిల్లలను బావిలోకి దింపేవారు. నేడు వాటి స్థానంలో ఖాళీ నూనె డబ్బా, ట్రాక్టర్ ట్యూబు వచ్చాయి. రాయదుర్గానికి ఉత్తరాన తుంగభద్ర తీరంలో, కృష్ణదేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ బుట్టల వంటి గుండ్రని పడవలను చూసి వర్ణించాడు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు. పదిహేను ఇరవై మందిని మోయగలవని రాశాడు. అవే మన పుట్టులు. ఈ సాధనాలన్నిటికీ ఆధారం ఒకే సూత్రం: ఒక వస్తువు ఎంత నీటిని పక్కకు నెడితే, ఆ నీటి బరువుకు సమానమైన బలం దాన్ని పైకి లేపుతుంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఆర్కిమిడీస్ దీనిని వివరించాడు.

ఒక చొక్కా నిలిపిన ప్రాణం

1854లో ఇంగ్లాండు ప్రాణరక్షక పడవల సంస్థకు చెందిన కెప్టెన్ వార్డ్ బెండు ముక్కలు కుట్టిన చొక్కాను రూపొందించాడు. బరువుగా ఉందనీ, తెడ్డు వేయడానికి అడ్డమనీ నావికులు దానిని అంతగా ఇష్టపడలేదు. 1861 ఫిబ్రవరి 9న విట్బీ రేవులో పెనుతుఫానులో రక్షక పడవ బోల్తాపడింది. పదమూడు మందిలో బ్రతికినది ఒక్క హెన్రీ ఫ్రీమన్. కొత్త రకం చొక్కా తొడుక్కున్నదీ అతడొక్కడే. సాధనం ఉండటం వేరు, దానిని ధరించడం వేరు అన్న పాఠాన్ని ఆ పన్నెండు మరణాలు చెప్పాయి. హెల్మెట్ విషయంలో ఆ పాఠాన్ని మనం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాం. ఇరవయ్యో శతాబ్దంలో బెండు స్థానంలో బూరుగు దూది, ఆ పిమ్మట గాలి నింపే రబ్బరు చొక్కా వచ్చాయి.

మునగాలి, తేలాలి, మధ్యలో నిలవాలి

చేపకు కడుపులో గాలితిత్తి ఉంటుంది. దాన్ని అనుసరించి, మనిషి నీటిలో లేవడానికీ దిగడానికీ ఒక పరికరాన్ని ఇటలీ శాస్త్రవేత్త బొరెల్లి ఊహించాడు. 1680లో వెలువడిన అతని గ్రంథంలో దాని వివరణ ఉంది. అయితే 1943లో కూస్తో, గాన్యాన్ తమ శ్వాసపరికరాన్ని తయారుచేసిన తరువాత కూడా ఈతగాళ్లకు అటువంటి సదుపాయం లేదు. సీసపు బరువులు, ఊపిరి నియంత్రణ, ఇవే ఆధారం. 1961లో ఫ్రాన్సుకు చెందిన మారిస్ ఫెంజీ మెడలో వేసుకొనే గాలిచొక్కాకు పేటెంటు పొందాడు. దానికి సొంతంగా చిన్న గాలిసీసా ఉండేది. 1970లలో చేతులు దూర్చి తొడుక్కొనే చొక్కాలు వచ్చాయి. వీపు మీది సిలిండరు గాలినే బొత్తాం నొక్కి వీటిలోకి పంపవచ్చు. దీనినే నేడు బయన్సీ కాంపెన్సేటర్, పొట్టిగా బీసీడీ అంటున్నారు.

ఇందులోని కీలకాన్ని బాయిల్ సూత్రం చెబుతుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది, గాలి పరిమాణం సగమవుతుంది. కనుక దిగేకొద్దీ చొక్కా కుదించుకుపోయి మనిషి మరింత వేగంగా మునుగుతాడు. లేచేకొద్దీ అది ఉబ్బి మరింత వేగంగా పైకి తోస్తుంది. ఊపిరితిత్తుల్లోని గాలికీ ఇదే నియమం. ఊపిరి బిగబట్టి పైకి వస్తే, రెండు మీటర్ల కన్నా తక్కువ లోతు నుంచైనా ఊపిరితిత్తి చిట్లవచ్చు. గాలి బుడగ రక్తంలో చేరి మెదడుకు పోవచ్చు. లోతున చాలాసేపు ఉండి వేగంగా లేస్తే కణజాలంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. దీని నివారణకు క్రమంగా పైకి వచ్చే పట్టికలను హాల్డేన్ 1908లో ప్రచురించాడు. కాబట్టి బీసీడీ అలంకారం కాదు. ఆ వేగాన్ని అదుపు చేసే కళ్లెం.

తక్కువ ఖర్చులో ఎంపిక

విశాఖ తీరానికో, కర్ణాటకలోని నేత్రాణి ద్వీపానికో, అండమాన్‌కో వెళ్లి డైవింగ్ నేర్చుకుంటున్న మన యువతకు నాలుగు మాటలు.

ఒకటి: మొదటి రోజే కొనవద్దు. శిక్షణ కేంద్రాలు అద్దెకు ఇస్తాయి. రెండు మూడు రకాలు వాడి చూశాక మీ ఒంటికి ఏది కుదిరిందో తెలుస్తుంది.

రెండు: ధర కన్నా కొలత ముఖ్యం. గాలి నింపినప్పుడు ఛాతీని నొక్కి ఊపిరి ఆడనివ్వని చొక్కా, వదులుగా ఉండి చెవుల దాకా జరిగే చొక్కా, రెండూ పనికిరావు. జేబులు, హంగులు లేకపోయినా నష్టం లేదు. గాలి నింపే బొత్తాం, గాలి వదిలే కవాటాలు చేతికి సులువుగా అందాలి.

మూడు: వాడినది కొంటే, నిండా గాలి పట్టి ఒక రాత్రి ఉంచండి. తెల్లవారేసరికి మెత్తబడితే ఎక్కడో కారుతున్నట్టే. బొత్తాం ఉప్పు పట్టి ఇరుక్కుంటే గాలి తనంతట తాను నిండి మనిషిని పైకి విసురుతుంది, అది ప్రాణాంతకం. నిపుణుడిచేత మరమ్మతు చేయించనిదే వాడరాదు. ప్రతిసారీ వాడాక లోపలా బయటా మంచినీటితో కడగాలి.

నాలుగు: బీసీడీ ప్రాణరక్షక చొక్కా కాదు. స్పృహ తప్పినవాడి ముఖాన్ని అది నీటిపైకి తిప్పి ఉంచుతుందన్న హామీ లేదు. వీపు వైపు మాత్రమే గాలి నిండే రకం నీటిపై ముఖాన్ని ముందుకు తోయవచ్చు కూడా.

ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు, చెవి వ్యాధి, ఊపిరితిత్తి చిట్లిన చరిత్ర ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా డైవింగ్‌కు పూనుకోరాదు.

కుంట గట్టున

డబ్బా, ట్యూబు, బుర్ర నేర్చుకొనేవారికి ఊత మాత్రమే. ముడి జారుతుంది, ట్యూబు పగులుతుంది. పెద్దవారి కళ్లెదుట, మోకు చేత పట్టుకొని ఉన్నప్పుడే వాటికి విలువ. ప్లాస్టిక్ పరిచిన కుంటలో ఈత వచ్చినవాడూ జారి పైకి ఎక్కలేడు. గట్టుకు ముళ్లు వేసిన తాడు ఒకటి, ఖాళీ డబ్బా ఒకటి కట్టి ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మునిగేవారికి వాటిని విసరండి. ఈత రాకుండా దూకకండి. బయటికి తీసినవారిని తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కడం మానండి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో శ్వాస అందించి, ఛాతీని నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి.

మూడు వేల ఏళ్లలో తోలు రబ్బరైంది, బుర్ర ప్లాస్టిక్ డబ్బా అయింది. వాటిని పరీక్షించి, సకాలంలో ధరించి వాడవలసిన బాధ్యత మాత్రం నాటికీ నేటికీ మనిషిదే.