పంచాంగ శ్రవణము - ఏడాది చింత

చైత్ర శుద్ధ పాడ్యమినాడు సాయంకాలము దేవాలయ మంటపమున పంచాంగము వినుట తెలుగు పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పచ్చడి ఉదయముననే ముగియును. పంచాంగమునకు మాత్రము ఎండ చల్లబడవలెను. ఈ ఆచారము ప్రస్తావనకు వచ్చినప్పుడెల్ల మనలో కొందరు జ్యోతిషము నిజమా, కాదా యను వాదమునకు దిగుదురు. ఆ వాదమును పండితులకే విడుతము. చరిత్ర చదువువారికి మరియొక ప్రశ్న గలదు. ఏడాది కొకమారు, ఒక పూట, ఊరంతయు ఒకచోట కూర్చుండి రాబోవు పన్నెండు మాసములను గూర్చి వినవలసిన అవసరము ఏల కలిగినది? విన్న పిదప ఆ జనము ఇంటికేమి తీసికొని పోయిరి?

ముందుగా ఆ సమయమును గమనింతము. చైత్రము ప్రవేశించునప్పటికి రెండవ పంట ఇల్లు చేరియుండును. పొలములు ఖాళీ. గాదెలో ఎన్ని పుట్లు గలవో, షావుకారునకు ఎంత బాకీయో, ఏ యెద్దు ఏరువాకకు నిలుచునో, ఏది నిలువదో రైతునకు తెలిసియే యుండును. తెలియనిది వాన యొక్కటే. చింతించుటకు కారణమును, తీరికయును రెండును దొరకు కాలమది. అట్టి వేళ చదువబడు పుస్తకము పంచాంగము.

అందు మొదట వచ్చువారు నవనాయకులు. ఉగాది ఏ వారమునాడు వచ్చినదో ఆ వారాధిపతి రాజు. సూర్యుడు మేషమున ప్రవేశించిన వారమునకు అధిపతి మంత్రి. ఆర్ద్రలో ప్రవేశించిన వారమును బట్టి మేఘాధిపతి. ఇట్లే సేనకు, సస్యమునకు, ధాన్యమునకు, అర్ఘమునకు, రసమునకు, నీరసమునకు వేరువేరు నాయకులు. ఇది యొక మంత్రివర్గము. శాఖలు కడు జాగ్రత్తగా పంచబడినవి. ధాన్యము ఒక శాఖ, అర్ఘము, అనగా ధర, మరియొక శాఖ. పంట విరివిగా పండిన యేడు ధర పడిపోవుట రైతెరుగని సంగతి కాదు గదా! రెండు భయములకును ఇద్దరు వేరువేరు అధిపతులను నియమించిన ఆ పూర్వుల లోకజ్ఞానమును మెచ్చుకొనకుండ ఉండలేము.

తరువాత ఆదాయవ్యయములు, రాజపూజ్యావమానములు. ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని వినిన రాశివాడు పక్కవాని వంక చూచి నవ్వును. అదే రాశివారు ఊరిలో మరి కొందరుందురు గనుక ఆ పదునాలుగు ఒక్కని నెత్తిన పడదు. పిమ్మట కందాయ ఫలములు. కందాయమన నాలుగు మాసముల కాలము. పన్ను వాయిదాకును ఈ మాట వాడుకలో నుండెడిది. ఒక్కొక్క నక్షత్రమునకు మూడు అంకెలు. మొదట సున్న వచ్చినవాడు మొదటి నాలుగు మాసములు జాగ్రత్తపడును. ఆ పిదప? ఆ పిదప చింత గడువు తీరినది. పన్నుకు వాయిదాలు గట్టినట్లే భయమునకును వాయిదాలు గట్టిరి. పంచాంగ శ్రవణములోని కిటుకు ఇదియేనని మా యభిప్రాయము. రాబోవు దానిని చెప్పుటకన్న, అనుదినము తలపై మోయవలసిన దానిని ముక్కలుగా జేసి, ఒక్కొక్క ముక్కకు ఒక తేదీ నిచ్చుట దాని ముఖ్యప్రయోజనము.

ఈ పని మరింత చక్కగా చేసినవి కార్తెలు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమునందు పదమూడు, పదునాలుగు దినములుండును. ఇరువది యేడు నక్షత్రములకు ఇరువది యేడు కార్తెలు. మే చివర రోళ్ళు పగుల గొట్టు రోహిణి, జూన్ 7, 8 తేదీల ప్రాంతమున మృగశిర, 21, 22 తేదీల ప్రాంతమున ఆర్ద్ర. దున్నుట ఎప్పుడు, నారు ఎప్పుడు, నాటు ఎప్పుడు అన్నది కార్తెను బట్టి నడచెడిది. ఆర్ద్ర రాక పూర్వము నాటును గూర్చి దిగులుపడువానిని పెద్దలు మందలించెడివారు. చాంద్రమాసములు ఋతువులకు ముందు వెనుకలగుచుండును; రెండున్నర యేండ్లకు పైచిలుకు కాలమున కొకమారు అధికమాసము వేసి వానిని సరిదిద్దవలసియుండును. సూర్యగతిని బట్టి వచ్చు కార్తెల కట్టి బాధ లేదు.

లేదనుట పూర్తిగా నిజము కాదు. సూర్యసిద్ధాంతపు సంవత్సరము ఋతువుల సంవత్సరము కన్న సుమారు 24 నిమిషములు పెద్దది. ఏడాదికి 24 నిమిషములన్న ఎవరును పట్టించుకొనరు. కాని ప్రభవ మొదలు అక్షయ వరకు అరువది యేండ్లు తిరిగివచ్చు నప్పటికి ఆ నిమిషములు సరిగా ఒక దినమగును. తాత మృగశిరకును, మనుమని మృగశిరకును ఒక దినము తేడా! పదునాలుగు వందల యేండ్లలో ఇరువది మూడు దినములు పేరుకొనినవి. మేఘనాథ సాహా అధ్యక్షుడుగా 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము ఈ లెక్కను దేశము ముందుంచినది. దేశమున సుమారు ముప్పది రకముల పంచాంగములు నడచుచున్నట్లును ఆ సంఘము కనుగొన్నది. 1957 మార్చి 22వ తేదీ, శక సంవత్సరము 1879 చైత్రము 1గా, క్రొత్త జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చినది. గెజిట్టునందును, ఆకాశవాణి వార్తలయందును దానిని పేర్కొనవలెనని నిర్ణయించిరి. రైతు మాత్రము తన కార్తెలను విడువలేదు.

వాయిదాలు కట్టిన చింత వాయిదాల ప్రకారము తీరుటకు వెనుక ఏదో యొక నిలువ ఉండవలెను. గాదెలో గింజయో, చెరువులో నీరో. అది లేనప్పుడు ఏమగునో 1832వ సంవత్సరము చూపినది. ఆ యేటి పేరు నందన. ఆనందము గూర్చునదని అర్థము. గుంటూరు మండలమున వానలు పోయినవి. ఒక కార్తె గడచి మరియొక కార్తె వచ్చినదే గాని మబ్బు రాలేదు. మరుసటి వేసవి నాటికి జనము మద్రాసు బాట పట్టిరి. ఆ బాట పొడవునను శవములు పడియుండెనని నాటివారు వ్రాసిరి. అయిదు లక్షల జనములో సుమారు రెండు లక్షలు నశించిరని పాత గజెటీర్లు చెప్పును. నందన కరువని, డొక్కల కరువని నేటికిని దానికి పేరు. ఆ యేటి ఉగాదినాడును మంటపములలో పంచాంగము చదివియే యుందురు. మేఘాధిపతి పేరును వినియే యుందురు.

ఇందలి విషాదమేమన, ఆ మండలమును ఒరసికొని కృష్ణానది సముద్రమునకు పోవుచునేయుండెను. ఆ నీటిని సాగుకు మళ్ళింపవచ్చునని మేజర్ బీట్సన్ 1792లోనే సూచించి యుండెను. నలువది యేండ్లు ఆ సూచన కాగితములలో నిదురించినది. కరువు వచ్చి లేపిన తరువాతను వెంటనే మేలుకొనలేదు. గోదావరి వైపున ఆర్థర్ కాటన్ 1844, 45లలో తన నివేదికలు సమర్పించెను. 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసినది. అదే యేట బెజవాడ ఆనకట్ట ఆరంభమై 1855లో పూర్తియైనది. గుంటూరు వైపు పల్లపు భూములకు కృష్ణ నీరందినది. డొక్కల కరువునకును దీనికిని నడుమ ఇరువది మూడేండ్లు.

అప్పటినుండి డెల్టా గ్రామములలో ఉగాదినాటి ప్రశ్నయే మారినది. మేఘుడు ఎన్ని ఆఢకముల నీరిచ్చును, అందు సముద్రమునకెంత, కొండలకెంత, నేలకెంత అని పంచాంగము ఎప్పటివలె చెప్పును. కాని కొండలపై కురిసినదే మరల కాలువ మార్గమున తన చేనికి వచ్చునని డెల్టా రైతు తెలిసికొనెను. కాలువలెప్పుడు కట్టుదురు, మరమ్మతులు ముగించి ఎప్పుడు వదలుదురు అనునవి అతనికి క్రొత్త కార్తెలైనవి. పాలేరు జీతము, కౌలు మాట, ఆడపిల్ల పెండ్లి, అన్నియు ఆ తేదీని నమ్మి కుదుర్చుకొనెను.

మెట్టప్రాంతముల కథ వేరు. 1876లో ధాత నామ సంవత్సరమున రాయలసీమను ముంచిన కరువునకు ధాత కరువని పేరు మిగిలినది. పసిఫిక్ సముద్రపు ఉపరితలము వేడెక్కుట నాటి వానలను చెరచినదని ఇప్పుడు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నాడు ఎవరికిని అది తెలియదు. ప్రభుత్వము 1875లో నెలకొల్పిన వాతావరణ శాఖ ఆ కరువు తరువాత హిమాలయముల మంచును పరిశీలించి వానలను ముందుగా ఊహింప మొదలిడినది. ఆ శాఖాధిపతి బ్లాన్‌ఫర్డ్ తొలి ఋతుపవన సూచనను 1886 జూన్ 4వ తేదీన వెలువరించెను. మృగశిర కార్తెకు కొద్ది దినముల ముందు! తెల్లదొరల ప్రభుత్వమునకును ఏటేట ఒక మేఘాధిపతి కావలసివచ్చెనన్నమాట.

నందన అరువది యేండ్లకొకమారు తప్పక వచ్చును. 1892లో వచ్చినది, మరల 1952లో వచ్చినది. ఆ 1952లోనే బెజవాడ ఆనకట్టకు గండి పడినది. పేరును బట్టి భయపడిన వృద్ధులు లేకపోలేదు. అయితే ఈమారు ఇరువది మూడేండ్లు ఆగవలసిన పని లేకపోయినది. గండిని పూడ్చిరి, పాత కట్టకు చేరువగా క్రొత్తది తలపెట్టి, 1957 డిసెంబరునాటికి ప్రకాశము బరాజును నిలబెట్టిరి. దానిమీదుగా బండ్లు పోవుటకు దారి కూడ ఏర్పడినది.

2012లో నందన ఇంకొకమారు వచ్చినది. మంటపములలో నవనాయకుల పేర్లు యథావిధిగా చదివిరి. విని లేచిన డెల్టా రైతులు ఒకరినొకరు అడుగుకొనిన మొదటి మాట, కాలువలు ఎప్పుడు వదలుదురనియే.