కాలికట్ తీరాన ఆగిపోయిన రాయబారం

ప్రయాణం చెడిపోయినప్పుడు సన్నాహం చాలలేదనడం లోకరీతి. కాని సన్నాహంలో లోటు లేకపోయినా చెడిపోయిన ప్రయాణాలు చరిత్రలో ఉన్నాయి. ఢిల్లీ సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్ చీనా చక్రవర్తి వద్దకు పంపిన రాయబారం అటువంటిది. దానికి నాయకుడైన ఇబ్ను బతూతా తన యాత్రాగ్రంథం 'రిహ్లా'లో ఆ కథను దాపరికం లేకుండా చెప్పాడు.

ఆయన చెప్పిన ప్రకారం రాయబార బృందం ఢిల్లీ నుండి బయలుదేరింది హిజ్రీ 743 సఫర్ 17న, అనగా క్రీ.శ. 1342 జూలైలో. చక్రవర్తి పంపిన కానుకలకు మించిన కానుకలను సుల్తాను సిద్ధం చేయించాడు. జీను, కళ్లెం తొడిగిన మేలుజాతి గుర్రాలు నూరు, విలువైన వస్త్రాలు, వెండి బంగారు పాత్రలు అందులో ఉన్నాయి. బానిసలను కూడా కానుకల్లో చేర్చడం నాటి రాజుల ఆచారం. కానుకల రక్షణకు కాఫూర్ అనే అధికారి, తోడుగా జహీరుద్దీన్ జంజానీ అనే విద్వాంసుడు, రేవు వరకు కాపలాగా వేయిమంది ఆశ్వికులు నియమితులయ్యారు. తిరిగి వెళ్లే చీనా రాయబారులు పదిహేనుమంది కూడా వెంట ఉన్నారు. ఇంతకంటె పకడ్బందీ ఏర్పాటు ఆనాడు ఊహించడం కష్టం.

మొదటి దెబ్బ ఢిల్లీకి ఎంతో దూరం కాని కోయిల్ (నేటి అలీగఢ్) వద్దనే తగిలింది. సమీపాన జలాలీ పట్టణాన్ని ముట్టడించిన వారితో జరిగిన పోరులో కాఫూర్ మరణించాడు. ఆ తరువాత ఇబ్ను బతూతా తనవారి నుండి విడిపోయి, శత్రువులకు చిక్కి, తప్పించుకొని, ఆకలితో అలమటించి, ఎనిమిదవ రోజున ఒక అపరిచితుని భుజాలపై ప్రాణాలతో బయటపడ్డాడు. ఆరంభంలోనే అపశకునమని తోటివారు వెనుదిరగ దలచారు. అయితే జరిగినదంతా అప్పటికే సుల్తానుకు వ్రాసి పంపారు. సుల్తాను కాఫూర్ స్థానంలో సుంబుల్ అనే వానిని పంపి, ప్రయాణం సాగించమన్నాడు. రాయబారం మళ్లీ కదిలింది.

దౌలతాబాద్, ఖంబాయత్ మీదుగా పడమటి తీరం చేరి, ఓడలెక్కి, వారు కాలికట్‌కు వచ్చారు. రేవులో పదమూడు చీనా ఓడలు లంగరు వేసి ఉన్నాయి. గాలి అనుకూలించే కాలం కోసం జామోరిన్ రాజు అతిథులుగా మూడు నెలలు ఆగారు. తొందరపాటు లేదు, ఋతువును లెక్కచేయకపోవడమూ లేదు.

బయలుదేరే వేళ ఒక చిన్న చిక్కు వచ్చింది. పెద్ద ఓడలోని మంచి గదులన్నిటినీ చీనా వర్తకులు రానుపోను ముందే తీసుకొన్నారు. ఇబ్ను బతూతాకు దొరికినది మరుగుదొడ్డి కూడా లేని ఇరుకు గది. గురువారం సామాను ఎక్కించి, జుమా నమాజు కోసం ఆయన ఒడ్డున ఉండిపోయాడు. శుక్రవారం ఉదయం గది పనికిరాదని తెలిసి, తన సామానును, పరివారాన్ని 'కకం' అనే చిన్న ఓడలోకి మార్పించాడు. కానుకలతో సుంబుల్, జహీరుద్దీన్ పెద్ద ఓడలోనే ఉన్నారు. మధ్యాహ్నం దాటాక సముద్రం పొంగింది. ఎక్కవలసినవారు ఎక్కలేక, దిగవలసినవారు దిగలేక పోయారు. మరునాటి రాత్రి కానుకల ఓడ ఒడ్డుకు కొట్టుకొని బ్రద్దలైంది. జహీరుద్దీన్, సుంబుల్ ఇద్దరి శవాలను ఇబ్ను బతూతా తెల్లవారి తీరాన చూశాడు. ఆ ఘోరం చూసి కకం తెరచాపలెత్తి వెళ్లిపోయింది. ఆయనకు మిగిలినవి పది దీనారాలు, పరచుకొనే ఒక తివాచీ.

ఇరుకు గది, జుమా నమాజు ఆయన ప్రాణం నిలిపాయి. అది అల్లాహ్ తలపు. కాని రాయబారం ఎందుకు నిలువలేదన్నది చరిత్ర అడగవలసిన ప్రశ్న.

కోయిల్ దెబ్బ కాలికట్ దెబ్బకంటె చిన్నదే. అయినా అది బాగుపడినది కబురు పంపినందువల్ల. కాలికట్‌లో కబురే పోలేదు. తిరిగి వెళ్లి చెప్పుకోవాలని ఇబ్ను బతూతా అనుకొన్నాడు. కానుకలను విడిచి నీవెందుకు ఒడ్డున ఉన్నావని సుల్తాను అడుగుతాడని భయపడి మానుకొన్నాడు. ఆ భయం ఊరికే పుట్టలేదు. షేఖ్ షిహాబుద్దీన్‌ను దర్శించిన నేరానికి అంతకుముందు ఆయన కాపలాలో ఉంచబడ్డాడు. ఆ షేఖ్‌కు మరణదండన పడింది. తరువాత మాల్దీవుల్లో ఖాజీగా ఉండి, తాను చెప్పిన ప్రకారం చీనాకూ వెళ్లి, 1347లో కాలికట్‌కు తిరిగివచ్చినప్పుడు కూడా ఢిల్లీ వెళ్లాలనుకొని, మళ్లీ జంకి, అరేబియా ఓడ ఎక్కాడు.

ఆ కాలికట్ గురించే ఆయన ఇంకొక సంగతి వ్రాశాడు. మలబారులో మిగతాచోట్ల పగిలిన ఓడలోని సరుకు రాజు ఖజానాకు పోయేది. కాలికట్‌లో మాత్రం అది సొంతదారులకే దక్కేది. అందుకే ఆ నగరం వర్ధిల్లిందని ఆయన అభిప్రాయం. నౌకాభంగమైన రోజున సరుకు దోచుకోవచ్చిన వారిని జామోరిన్ భటులు కొట్టి తరిమారు. ఓడలు పగులుతాయని ముందే ఒప్పుకొన్న చట్టమది.

ఒంటెను కట్టివేసి తవక్కుల్ చేయాలన్న బోధ మనకు తెలిసినదే. ఢిల్లీలో ఒంటెను బాగానే కట్టారు. త్రాడు తెగితే వచ్చి చెప్పే ధైర్యాన్ని మాత్రం సుల్తాను ఎవరికీ మిగల్చలేదు. కుటుంబమైనా, సంస్థయినా, రాజ్యమైనా తన ఏర్పాట్లను లెక్కవేసుకొనేటప్పుడు ఆ ధైర్యాన్ని కూడా లెక్కలో చేర్చుకోవాలి.