ధక్కా స్టార్ట్ నుంచి హైబ్రిడ్ దాకా

బండి మొండికేస్తే మన వరంగల్ గల్లీల్లో ముందు వినబడే మాట "ధక్కా మారో". మండీ బజార్‌లో అయినా, హన్మకొండ చౌరస్తాలో అయినా నలుగురు చేతులేసి తోస్తారు, డ్రైవర్ సెకండ్ గేర్ వేసి క్లచ్ వదులుతాడు, ఇంజన్ దగ్గుకుంటూ లేస్తుంది. తరాలుగా మనకు వచ్చిన హునర్ ఇది. హైబ్రిడ్ కారు దగ్గర మాత్రం ఇది పనిచేయదు. ఎందుకు పనిచేయదో, అప్పుడు ఏం చేయాలో తెలియాలంటే "స్టార్ట్" అనే మాట తారీఖ్ కొంచెం తెలుసుకోవాలి.

మొదటి జమానాలో ఇంజన్‌ను లేపింది మనిషి రెక్కల బలమే. ముందు వైపు ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పాలి. ఇంజన్ ఎదురు తిరిగితే ఆ హ్యాండిలే మణికట్టు విరగ్గొట్టేది. ఆ ఖతరా నుంచి లోకాన్ని బయటపడేసింది అమెరికాలో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్. 1912 మోడల్ కాడిలాక్ కార్లతో అది బజారులోకి వచ్చింది. మన షెడ్లలో "సెల్ఫ్" అనేది దాన్నే. దానికి తాకత్ ఇచ్చింది సీసం, ఆసిడ్ ఉన్న బ్యాటరీ. ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లోనే దాన్ని కనిపెట్టాడు. ఈ బ్యాటరీని గుర్తుపెట్టుకోండి, మన కథలో అసలు హీరో అదే.

మన వైపు చూస్తే, 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది ములాజిమ్‌లతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి బునియాద్ అదే. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్‌కు రేషన్ వచ్చింది, బొగ్గు బస్సులు వచ్చాయి. కొలిమి రాజేసి, గ్యాస్ తయారయ్యేదాకా సబర్‌తో కూర్చుంటే తప్ప బండి కదిలేది కాదు. తర్వాత అంబాసిడర్లు వచ్చాక కూడా డిక్కీలో హ్యాండిల్ ఉండేది. హ్యాండిల్, బొగ్గు, సెల్ఫ్, డీజిల్, ఆ తర్వాత కంప్యూటర్. యంత్రం మారిన ప్రతిసారీ షెడ్డులో ఉస్తాద్ కొత్తగా నేర్చుకున్నాడు, షాగిర్ద్‌కు నేర్పాడు. మన ఖాన్‌దాన్లలో ఎన్ని ఇళ్ల రోజీ ఈ పానాల మీద నడిచిందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక హైబ్రిడ్. పెట్రోల్ ఇంజన్, కరెంటు మోటారు రెండూ ఉన్న బండి అన్నమాట. ఇది కూడా నిన్నటిది కాదు. 1900లో ఫెర్డినాండ్ పోర్షే ఇలాంటి బండి తయారుచేసి "సెంపర్ వివస్" అని పేరు పెట్టాడు. లాటిన్‌లో "ఎప్పుడూ సజీవం" అని అర్థం. ఆ తర్వాత చాలా కాలం ఆ ఆలోచన మూలన పడి ఉంది. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో టయోటా ప్రియస్ వచ్చాకే అది ఆమ్ జనం దాకా చేరింది. మన దేశానికి 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చాయి, కానీ ధర చూసి జనం దూరం నుంచే సలాం కొట్టారు. 2022లో గ్రాండ్ వితారా, హైరైడర్ లాంటివి వచ్చాకే హైబ్రిడ్ మన గల్లీల దాకా వచ్చింది.

దీని లోపలి తమాషా చూడండి. ప్రియస్ తరహా హైబ్రిడ్‌లో మామూలు సెల్ఫ్ మోటారే ఉండదు. వందల వోల్టుల పెద్ద బ్యాటరీ ఒక మోటారును తిప్పుతుంది, ఆ మోటారే ఇంజన్‌ను లేపుతుంది. రెండో తరం ప్రియస్‌లో ఆ పెద్ద బ్యాటరీ 201.6 వోల్టులు. అయితే బండి ఆగి ఉన్నప్పుడు హిఫాజత్ కోసం ఆ పెద్ద బ్యాటరీ దర్వాజా మూసి ఉంటుంది. ఆ దర్వాజా తెరిచేది రిలేలు, రిలేలకు హుకుం ఇచ్చేది కంప్యూటర్, కంప్యూటర్‌ను నిద్రలేపేది పాత కాలపు 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది పడుకుంటే వందల వోల్టులు ఉండి కూడా ఫాయిదా లేదు. తోసినా లాభం లేదు, ఎందుకంటే తొక్కి వదలడానికి ఇందులో క్లచ్ పెడలే లేదు.

నేను చూసిన సంగతి ఒకటి చెబుతాను. సుబేదారీలో ఉండే మా మామూ జిద్దాలో కొడుకు దగ్గర రెండు నెలలు ఉండి వచ్చారు. హైబ్రిడ్ కారు బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్‌లో ఎవరో "పెద్ద బ్యాటరీ ఖతం, లక్షల్లో ఖర్చు" అన్నారు. మామానీ ముఖం పాలిపోయింది. ఇంటి దగ్గరి ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలిచాం, అరవై దాటిన ఉస్తాద్. మీటర్ పెట్టి చిన్న బ్యాటరీ చూశాడు. తొమ్మిది వోల్టులు కూడా లేవు. కొన్ని వేలతో కొత్తది వేశాక డాష్‌బోర్డు మీద "రెడీ" వెలిగింది. నారింజ రంగు వైర్ల వైపు మాత్రం ఆయన చెయ్యి కూడా చాపలేదు. "ఆ ఇలాఖా నాది కాదు" అన్నాడు. ఆ మాటలో ఎంత ఇల్మ్ ఉందో ఆలోచించండి.

హైబ్రిడ్ ఉన్న ఇళ్లవాళ్లు ఈ తర్తీబ్ గుర్తుంచుకోండి. బటన్ నొక్కాక చప్పుడు రాకపోవడం ఖరాబీ కాదు, "రెడీ" లైటు వెలిగితే బండి లేచినట్టే. వెలగకపోతే బ్రేక్ గట్టిగా తొక్కారా, గేర్ "పీ"లో ఉందా చూడండి. తాళం రిమోట్‌లో బ్యాటరీ అయిపోయి ఉంటే ఆ రిమోట్‌నే బటన్‌కు ఆనించి నొక్కండి, చాలా మోడళ్లు గుర్తుపడతాయి. లైట్లు మసకగా ఉంటే, డోర్లు తెరుచుకోకపోతే అనుమానం చిన్న బ్యాటరీ మీదే. రిమోట్ లోపల దాగి ఉండే ఇనుప తాళంతో డోర్ తెరవండి. బ్యాటరీ డిక్కీలో ఉన్న మోడళ్లలో జంప్ ఇచ్చే టర్మినల్ బానెట్ కింద ఉంటుంది, మాన్యువల్ చూసుకోండి. ప్లస్, మైనస్ తారుమారైతే చిన్న ఖర్చు పెద్దదవుతుంది. బండి నెలలు నిలిపేటట్టయితే ఇంట్లో ఒకరికి అమానత్‌గా అప్పగించండి, వారానికోసారి అరగంటో గంటో "రెడీ"లో ఉంచమనండి. "రెడీ"లో ఉన్నప్పుడే పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని చార్జ్ చేస్తుంది. మూసి ఉన్న గ్యారేజీలో మాత్రం వద్దు, మధ్యలో ఇంజన్ దానంతటదే లేచి పొగ వదులుతుంది.

ఇవన్నీ చూశాక కూడా "రెడీ" రాకపోతే, హైబ్రిడ్ సిస్టం వార్నింగ్ వస్తే అక్కడే ఆగండి. నారింజ వైర్లలో ఉన్నది ప్రాణం తీసే కరెంటు. బ్యాటరీ నుంచి రెండొందలుగా బయల్దేరిన వోల్టులు ఆ ప్రియస్‌లో మోటారు దగ్గరికి వచ్చేసరికి 500 దాకా పెరుగుతాయి. సర్వీస్ ప్లగ్ తీశాక కూడా లోపల కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. ఇన్సులేషన్ గ్లౌజులు, తాలీమ్ లేకుండా టెస్ట్ ల్యాంప్ పట్టుకుని వెళ్లే పద్దెనిమిదేళ్ల షాగిర్ద్‌కు అది రెండో మౌకా ఇవ్వదు.

అందుకే షెడ్లున్న భాయీలకు, పిల్లల్ని పనిలో పెట్టే అమ్మీఅబ్బాలకు నా గుజారిష్ ఒకటే. "ఇక అంతా కంప్యూటరే, మన హునర్ పని అయిపోయింది" అనుకోకండి. 1859 నాటి సీసం బ్యాటరీ నబ్జ్ పట్టే చెయ్యి కొత్త బండికి కూడా కావాలి. అయితే నారింజ గీత దాటాలంటే పానా ఒక్కటే చాలదు. కుర్రాడిని ఐటీఐకో, హైబ్రిడ్ పని నేర్పే చోటికో కొన్ని నెలలు పంపండి. హ్యాండిల్ తిప్పిన తరం సెల్ఫ్ నేర్చుకుంది, సెల్ఫ్ విప్పిన తరం కంప్యూటర్ స్కానర్ పట్టింది. ఈ తరం కూడా నేర్చుకుంటుంది, ఇన్షాఅల్లాహ్. నేర్చుకునేదాకా "ఆ ఇలాఖా నాది కాదు" అని చెప్పడంలో షరమ్ ఏమీ లేదు.